పోట్లాట ఆగిన ఇళ్ళు

నమోదు 1

డాక్టర్ షాహీన్ గారు రోజూ రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఏం విన్నానో అది రాయాలట, ఏం అన్నానో అది రాయక్కర్లేదట. ఆ రెండో మాట ఆవిడ ఎందుకన్నారో ఈ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

నా పేరు కోటిలింగం. చంద్రుడి మీద బూడిదపాలెం అనే ఊరు మాది. సర్కారు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది బోర్డు మీద తప్ప ఎవరి నోటా రాదు. దిగుడు రేవులో అనౌన్సరుగా బతికాను. "కింది నుంచి వచ్చిన ఓడ మూడో రేవులో ఆగింది, బరువు చెప్పులు తొడుక్కోకుండా ఎవరూ దిగరాదు" అని చెప్పడం నా పని. కింద అంటే భూమి. మా నెత్తి మీదే కనిపిస్తుంది, అయినా కింద అనే అంటాం. ఆ రెండు ముక్కలూ చెప్పి ఊరుకుంటే నేను కోటిలింగాన్నే కాదు. మధ్యలో సామెతలు చెప్పేవాణ్ణి, గాలే లేని చోట వాతావరణ సూచనలు చెప్పేవాణ్ణి, దిగేవాళ్ళకి మా గోంగూర పచ్చడి గురించి చెప్పేవాణ్ణి. పోయినేడు రేవుకి మిషను గొంతు పెట్టారు. అది అవసరమైనంతే మాట్లాడుతుంది. జనం దాన్ని తెగ మెచ్చుకున్నారు, అదీ నా ఎదురుగానే.

ఖాళీగా ఉంటే ఊరికి ప్రమాదమని ఆస్పత్రి రికార్డుల గదిలో వేశారు. పని ఏమిటంటే వినడం. ఒక జబ్బు ఉంది. దాని అసలు పేరు పలకాలంటే మధ్యలో నీళ్ళు తాగాలి. మేం తొందరజబ్బు అంటాం. ఇవాళ చెంచా పేరు మర్చిపోయిన మనిషి కొద్ది నెలల్లో చెంచా పట్టుకోవడమే మర్చిపోతాడు, ఆ తర్వాత ఊపిరి. చాలా అరుదు. మందు లేదు. కానీ అచ్చం దానిలాగే కనిపించే కవల ఒకటి ఉందట, దానికి మందుంది. ఒంట్లో కాపలా కాయాల్సిన రక్తమే దారి తప్పి మెదడు మీద పడటం వల్ల వస్తుందట. తొందరగా పట్టుకుంటే మనిషి దక్కుతాడు, ఆలస్యమైతే రెండు జబ్బులూ ఒకటే. పోయినేడు మా ఊళ్ళో క్రేను నడిపే కాటంరాజు పోయాడు. పోయాక పరీక్ష చేస్తే తేలింది, అతనిది మందున్న రకమని. అప్పట్నుంచీ షాహీన్ గారికి నిద్ర సరిగా లేదు.

అందుకని తొందరజబ్బుతో పోయినవాళ్ళందరి పాత రికార్డులూ తెప్పించారు. కిందవీ ఉన్నాయి, మావీ ఉన్నాయి. జబ్బని తేలకముందు వాళ్ళు జ్వరానికో మోకాళ్ళ నొప్పికో డాక్టరు దగ్గరికి వచ్చినప్పటి మాటలు. అందులో ఎక్కడో మొదటి గుర్తు ఉండాలి. అది నేను విని పట్టుకోవాలి.

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ మాణిక్యం కందిపప్పు ఏరుతూ తలెత్తింది.

"వినే ఉద్యోగమా? జీతమిచ్చి మరీనా? ముప్ఫయ్యేళ్ళబట్టీ నేను ఊరికే చేస్తన్నానే అది!"

నమోదు 3

మిషన్లుండగా నా చెవులెందుకని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. మా ఆస్పత్రిలో డాక్టరు గదిలో మాట్లాడిందంతా రాసిపెట్టే మిషనుంది, గుమాస్తా అంటాం దాన్ని. బుద్ధిమంతుడు. నత్తినీ, నసుగుడునీ, "ఆ... అదేంటబ్బా" లనీ అన్నిటినీ తుడిచేసి, ఇస్త్రీ చేసిన చొక్కాలా నాలుగు వాక్యాలు రాస్తాడు. "రోగి చెప్పినది: ఆకలి బాగుంది, నిద్ర మధ్యస్థం." ఇంతే. ఆ వాక్యాలు ఎన్ని వేలసార్లు చదివినా అందరూ ఒకలాగే ఉంటారు. అందుకే అసలు గొంతులు వినడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది.

ఇవాళ నా మొదటి పరిశోధన ఫలితం సమర్పించాను. మా ఊరి రోగుల రికార్డులన్నిట్లో, జబ్బు తేలకముందు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినబడింది. అంటే కుదురుగా కూర్చోలేకపోవడమే మొదటి గుర్తన్నమాట. ఉపన్యాసం కూడా తయారుచేసుకుని వెళ్ళాను.

షాహీన్ గారు మొత్తం విన్నారు. "కోటిలింగం గారూ, రెండో గదిలో కుర్చీ కాలు విరిగిందండీ. నేను కూర్చున్నా కిర్రుమంటుంది."

లేచి నన్నే కూర్చోమన్నారు. కిర్రుమంది.

ఇంట్లో చెబితే మాణిక్యం పడీపడీ నవ్వింది. "ఊరందరికీ జబ్బు అంటగట్టకండి, కుర్చీకో మేకు కొట్టి రండి" అంది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాణ్ణి చూశాం గానీ, విరిగిన కుర్చీకాలు పట్టుకున్నవాణ్ణి మా వంశంలో నన్నే చూస్తున్నారు.

నమోదు 6

ఈ పని ఆరోగ్యానికి మంచిది కాదు. పొద్దస్తమానం మతిమరుపు గురించి వింటుంటే నాకూ ఒక్కొక్కటే మొదలవుతున్నాయి. ఇవాళ బరువు చెప్పుల కోసం ఇల్లంతా వెతికి, కాళ్ళకే ఉన్నట్టు కనుక్కున్నాను. పక్క సొరంగం దావీదుని పట్టుకుని వాళ్ళ నాన్న పేరుతో పిలిచాను. నడక తూలుతోంది. అసలు ఇక్కడ ఆరో వంతు బరువుతో అందరం తూలుతూనే నడుస్తాం, కాబట్టి నాది జబ్బు తూలుడో ఊరి తూలుడో తేలడం లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని.

అన్నం తింటూ నా లక్షణాలన్నీ మాణిక్యానికి విడమరిచి చెప్పాను. ఎప్పుడూ అయితే సగంలోనే "ముందు ముద్ద మింగండి" అని గదిమేది. ఈసారి ఒక్క మాట అడ్డం రాలేదు. చేతిలో గరిటె అలాగే పట్టుకుని విన్నది. పాపం, ఇన్నేళ్ళకి నా గురించి బెంగపడిందని నాకు కళ్ళు చెమర్చాయి. పులుసులో చింతపండు వేయలేదు. బెంగలో మర్చిపోయి ఉంటుందని నేను ఆ మాట ఎత్తలేదు. నా పెద్దమనిషితనానికి నేనే మురిసిపోయాను.

నమోదు 7

ఆగలేక షాహీన్ గారి దగ్గర పరీక్షకి వెళ్ళాను. తోడుగా మాణిక్యాన్ని తీసుకెళ్ళాను. నాకు జబ్బని చెబితే పట్టుకోవడానికి ఎవరైనా ఉండాలి కదా.

నడిపించారు, చేతులు చాపించారు, వందలోంచి ఏడేసి తీసేయమన్నారు. తెలిసిన కూరగాయల పేర్లు చెప్పమన్నారు. బీర, పొట్ల, కాకర, దొండ, ఆగాకర, కందతో ఆపకుండా దేన్ని దేంట్లో వేసి వండాలో కూడా చెప్పాను. చాలు చాలని ఆవిడే చేతులడ్డం పెట్టాల్సి వచ్చింది.

తర్వాత మాణిక్యం వైపు తిరిగారు. "ఇంట్లో ఎలా ఉంటున్నారమ్మా ఈయన?"

"ఏముందండీ, నేను సరిగా నిద్రపోవట్లేదని ఆవిడ బాధ," అన్నాను నేనే. "మీరెలా ఉన్నారు?" అని షాహీన్ గారు మళ్ళీ మాణిక్యాన్నే అడిగారు. "బానే ఉందండీ, తోట సొరంగంలో పని ఎక్కువై కాస్త నలిగింది" అని అదీ నేనే చెప్పాను. మొగుడూ పెళ్ళాల మధ్య అంత అన్యోన్యం ఉండాలి మరి.

నాకు ఏ జబ్బూ లేదట. "మీ మెదడుకేం ఢోకా లేదు, దానికి కాస్త విశ్రాంతి ఇవ్వండి" అన్నారు. సంతోషించాలో చిన్నబుచ్చుకోవాలో తెలీక బయటికి వచ్చాను. గుమ్మం దగ్గర తలుపు దబ్బున మూసుకుంటే మాణిక్యం ఒళ్ళంతా ఉలిక్కిపడింది. "తలుపేనే బాబూ, నేను కాదు" అన్నాను. నాలో నేను నవ్వుకున్నాను.

నమోదు 10

ఇంట్లో ఇంత ప్రశాంతత ఎప్పుడూ ఎరగను. నా మాటకి ఎదురు లేదు. నేను చెప్పిన ప్రతి జోకుకీ మాణిక్యం చిన్నగా నవ్వుతోంది. చెప్పిన జోకే మళ్ళీ చెప్పినా నవ్వుతోంది. మొగుడు విలువ తెలియడానికి ఆడదానికి ముప్ఫయ్యేళ్ళు పడుతుందని దావీదుకి హితబోధ చేశాను.

దావీదు మా పక్క సొరంగం కుర్రాడు, ఇంటింటికీ తిరిగి గాలి జల్లెళ్ళు దులుపుతాడు. ఇవాళ మా ఇంట్లో దులిపి కిందికి దిగి, "పిన్నీ, గోంగూర ఇస్తానన్నారు, మర్చిపోయారేంటండీ?" అన్నాడు.

"రేపు తెస్తుందిలేరా," అన్నాను.

వాడు వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి గొంతు తగ్గించాడు. "బాబాయ్, పిన్నిగారు నన్ను తిట్టట్లేదేంటండీ? బూడిద కాళ్ళతో వంటింట్లోకొచ్చేశాను. ఎప్పుడూ అయితే చీపురు తిరగేసేసేవోరు కదండీ, ఆయ్!"

"నా సాంగత్య ఫలంరా" అన్నాను.

వాడు తల గోక్కుంటూ వెళ్ళాడు. ఈ కాలం పిల్లలకి దాంపత్యం సంగతి ఏం తెలుస్తుంది.

నమోదు 12

ఇవాళ ఒక విషయం కనుక్కున్నాను. నేను కనుక్కున్నానని చెప్పుకోవడానికి మొహం చెల్లడం లేదు, ఎందుకంటే ఫిర్యాదు చేద్దామని వెళ్ళి కనుక్కున్నాను.

కాటంరాజు రికార్డులు మొదట్నుంచీ వరసగా వింటున్నాను. మొదటి రెండూ భలే ఉన్నాయి. డాక్టరు ఏదో అడగ్గానే అతని భార్య అందుకుంటుంది. ఇతను "నువ్వుండవే, నొప్పి నాదా నీదా?" అంటాడు. ఆవిడ "మీకేం తెలుసండీ మీ నొప్పి?" అంటుంది. నాకు ఆ జంట ఎంత నచ్చేసిందంటే, టిఫిను పెట్టుకుని మరీ విన్నాను. మూడోదానికి వచ్చేసరికి చప్పబడింది. ఆవిడే మాట్లాడుతోంది. అతను "అదే" అంటున్నాడు. నాలుగోదాంట్లో "అదే" తప్ప ఇంకేం లేదు. సరే అని ఇంకొకరివి విన్నాను. అక్కడా మొదట్లో కొట్లాటే, తల్లి చెబుతుంటే కూతురు అడ్డం, కూతురు చెబుతుంటే తల్లి అడ్డం. పోనుపోనూ చప్పగా అయిపోయింది. ఇంకొకరు, ఇంకొకరు. నాకు చిరాకెత్తింది.

షాహీన్ గారి దగ్గరికి వెళ్ళి, "ఏంటండీ ఈ పని, మొదట్లో బానే ఉంటుంది, పోనుపోనూ ఎవరూ పోట్లాడుకోరు. పోట్లాట లేకపోతే వినడమెలాగండీ మనిషన్నవాడు?" అన్నాను.

ఆవిడ టీ కప్పు బల్ల మీద పెట్టారు. "మళ్ళీ చెప్పండి."

"పోట్లాట లేకపోతే..."

"అది కాదు, ముందుది. ఎవరు పోట్లాడటం మానేశారు?"

అప్పుడాలోచించాను. ఇంటివాళ్ళు మానలేదు. వాళ్ళు ఎప్పట్లాగే రోగి తరఫున మాట్లాడుతూనే ఉన్నారు. మానేసింది రోగి. "అబ్బే, అది కాదు డాక్టరుగారూ" అనడం మానేశాడు.

షాహీన్ గారు లేచి అటూ ఇటూ తిరిగారు. మన ఇళ్ళలో డాక్టరు దగ్గరికి ఒక్కరుగా ఎవరు వెళతారు? మొగుడికి జ్వరమైతే పెళ్ళాం చెబుతుంది, పెళ్ళానికైతే మొగుడు, అత్తకైతే కోడలు. అందుకే ఊరు పెట్టిన కొత్తలో ఒక పెద్ద డాక్టరు గుమాస్తాకి ఆజ్ఞ వేశారట: "ఇంటివాళ్ళ మాటా రోగి మాటా వేరు వేరుగా రాయకు, అంతా ఒకటే, రోగి చెప్పినది అని రాయి." అప్పట్నుంచీ గుమాస్తా అలాగే రాస్తున్నాడు. లోపల మనిషి మాట పోతోంది, బయట రికార్డులో మాత్రం ఆకలి బాగుంది, నిద్ర మధ్యస్థం. ఆ ఆకలి పెళ్ళాం చెప్పిన ఆకలి.

"వెంటనే నిజమని అనుకోకూడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళవి కూడా విని పోల్చాలి," అన్నారావిడ. కానీ ఆ మాట అంటూనే కాటంరాజు రికార్డు మళ్ళీ మొదట్నుంచీ పెట్టారు.

నమోదు 13

ఈ నమోదు రాయడం కష్టంగా ఉంది.

పొద్దున్నించీ పోలికల కోసం మామూలు జనం రికార్డులు విన్నాను. మా ఊరు ఎంత గయ్యాళి ఊరో తెలిసింది. ఒక్కడు కూడా ఇంకొకడిని తన నొప్పి గురించి చెప్పనివ్వడు. జబ్బు రికార్డులతో పోలిస్తే తేడా తెలుస్తోంది. అన్నిట్లోనూ కాదు, పుట్టుకతోనే నోరు లేనివాళ్ళు కొందరున్నారు, కానీ చాలావాటిలో.

"మీదీ ఒకటుంది కదా, పరీక్షకి వచ్చినప్పటిది. అదీ వినేయండి," అన్నారు షాహీన్ గారు.

నా గొంతు నేను వినడమంటే నాకు పండగ. కాళ్ళు చాపుకుని విన్నాను. రోగి కోటిలింగం, మాట బ్రహ్మాండం. కూరగాయల దగ్గర మరీ బాగా చెప్పాను. ఆ తర్వాత షాహీన్ గారి గొంతు, "ఇంట్లో ఎలా ఉంటున్నారమ్మా ఈయన?" అని. వెంటనే నేను అందుకున్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. వెంటనే కాదు. మధ్యలో ఖాళీ ఉంది. ఆ ఖాళీలో మాణిక్యం నోరు తెరిచి గాలి పీల్చిన చప్పుడు ఉంది, మాట లేదు. దాని మీద నేను ఎక్కి తొక్కేశాను. రెండో ప్రశ్న దగ్గరా అంతే. చివర నేను "పని ఎక్కువై కాస్త నలిగింది" అన్నాక, ఆ మొత్తం రికార్డులో ఆమెది ఒకే ఒక్క మాట వినబడింది.

"అదే."

ఈ చిట్టా తీసి మొదట్నుంచీ చూశాను. మొదటి నమోదులో నన్ను కడిగేసింది. మూడోదాంట్లో కడిగేసింది. ఆ తర్వాత? నవ్వింది, విన్నది, ఉలిక్కిపడింది. ప్రశాంతతట! దాంపత్యమట! చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికినవాడు నయం, వాడు చంకలో పిల్లని కనీసం నొక్కేయలేదు. నేను ఎదురు మాట్లాడలేని మనిషి ముందు కూర్చుని గెలిచానని చంకలు గుద్దుకున్నాను.

తోట సొరంగానికి పరిగెత్తాను. మాణిక్యం టమాటా మడి ముందు గొట్టం పట్టుకుని నిలబడి ఉంది. మడి ఎప్పుడో నిండి నీళ్ళు బాట మీదికి వస్తున్నాయి. ఆమె చూస్తూనే ఉంది. ఈ ఊళ్ళో నీటిచుక్క పారబోసినవాణ్ణి ఆమె ఊరంతా వినేలా తిట్టేది. నేను గొట్టం కట్టేశాను.

అప్పుడు నాకు తోచిన వైద్యం చేశాను. పోట్లాట పెట్టుకున్నాను.

"నీ గోంగూర పులుసు కంటే మా అమ్మ చేసిన కలగూర నయం," అన్నాను. ఆ మాట పెళ్ళైన కొత్తలో ఒకసారి అంటే వారం పాటు నాకు వండలేదు. "ఏమే, నిన్నే. మీ పుట్టింటివాళ్ళకి వంటే రాదు. మీ అన్నయ్య చేసిన పెళ్ళిలో అన్నం మాడిపోయింది, సాంబారు నీళ్ళు." ఒక్క మాటకైనా లేస్తుందని చూశాను. నన్ను కొడుతుందని ఎంత ఆశపడ్డానో. పక్క మడిలో వాళ్ళు నాకు పిచ్చెక్కిందని చూస్తున్నారు.

మాణిక్యం నా మొహంలోకి చూసి చిన్నగా నవ్వింది. "అదే," అంది.

అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది. ఎందుకు వేసిందో తనకి తెలుసో లేదో నాకు తెలీదు.

నమోదు 14

ఇవాళ మాణిక్యాన్ని షాహీన్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. లోపలికి వెళ్ళేముందు ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "మీరు లోపలే ఉండండి, ఆవిడకి ధైర్యం. కానీ ఒక్క మాట మాట్లాడినా బయటికి పంపిస్తాను" అన్నారు. నా నోట్లో నువ్వుగింజ నానదు. తువ్వాలు కొస నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

"ఇవాళ ఏం తిన్నారమ్మా?"

ఉప్మా. నేనే చేశాను, అడుగంటింది. నా నాలుక చివర ఉంది ఆ మాట. మాణిక్యం షాహీన్ గారి వైపు చూసింది, తర్వాత నా వైపు తిరిగింది. మీరందుకోండి అన్నట్టు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఈ కొద్ది రోజులుగా ఆమె అలాగే చూస్తోంది, నేను అందుకుంటున్నాను. నా వాగుడుని పట్టుకుని నడుస్తోంది పాపం, కుంటికాలుకి కర్రలాగా. ఆ కర్రని ఇవాళ నా చేతులతో నేనే లాగేశాను. నన్నింకా చూస్తోంది. తల దించుకున్నాను.

చాలాసేపటికి అంది. "తిన్నాం. ఆయన చెప్తారు."

"ఆయన చెప్పరు, మీరే చెప్పాలి. సరే, పోనివ్వండి. ఈయన పేరేంటమ్మా?"

మా వైపు పాతకాలం ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పరండీ, అనబోయాను. పంటితో తువ్వాలు పట్టుకున్నాను. మాణిక్యం పాతకాలం మనిషి కాదు. ఊరందరి ముందూ నన్ను లింగం అని పిలిచి మరీ తిట్టేది.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. పెదాలు కదిలాయి. నుదుటి మీద చెమట పట్టింది.

"ఆయన చెప్తారు," అంది మళ్ళీ, బతిమాలుతున్నట్టు.

నేను చెప్పలేదు. నా జన్మలో చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైన పని అదే.

నమోదు 15

తలకి స్కానింగు తీశారు. వెన్నులోంచి నీరు తీశారు. ఏ రకమో తేలడానికి రోజులు పడుతుందట. దావీదు క్యారేజీ తెచ్చి, "మీరు తినండి బాబాయ్, నేను కూచుంటాను పిన్ని దగ్గర" అన్నాడు. తినలేదు. గోడతో మాట్లాడాను. గోడ "అదే" అనలేదు, అంతవరకూ మేలు.

మందు లేని రకమైతే ఏం చేస్తానో రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను.

నమోదు 17

మందున్న రకం!

షాహీన్ గారు వరండాలో పరిగెత్తుకుంటూ వచ్చారు. ఇక్కడ పరిగెత్తితే కప్పుకి తల తగులుతుంది, తగిలింది కూడా. నుదురు పట్టుకునే చెప్పారు. ఒంట్లో కాపలా రక్తం మెదడు మీద తిరగబడిందట. ఇవాళే మందులు మొదలు. ఆవిడ కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగి, "ఆగండాగండి, ఎంత తిరిగొస్తుందో నేను మాటివ్వలేను" అన్నారు. "కాటంరాజుకి జబ్బుందనే మనకి తెలిసింది ఆరో నెలలో. ఈవిడది ఇంకా మొదట్లోనే ఉంది. అదొక్కటే మన చేతిలో ఉన్న బలం."

నావల్లే కనుక్కున్నామని ఆవిడ అందరికీ చెబుతున్నారు. దయచేసి చెప్పొద్దన్నాను. ఇంట్లో జబ్బుని దాచిపెట్టినవాడు కూడా నేనే. దొంగే పోలీసుకి దారి చూపిస్తే పతకం ఇస్తారా?

నమోదు 20

ఆస్పత్రిలో కొత్త రూలు పెట్టారు. గుమాస్తా ఇకమీదట ఎవరి మాట వాళ్ళదిగా రాస్తాడు. రోగితో డాక్టరు మొదట కాసేపు ఒంటరిగా మాట్లాడాలి, ఇంటివాళ్ళు బయట కూర్చోవాలి. ఊళ్ళో గగ్గోలు పుట్టింది. "మా ఆయన సంగతి మా ఆయన్నడిగితే ఏం తెలుస్తుందండీ!" అని ఒకావిడ వరండాలో బైఠాయించింది. తలుపు సందులోంచి జవాబులు అరుస్తున్నారట. మొన్న ఒకాయన లోపల్నుంచి "నువ్వుండవే, నొప్పి నాది!" అని తిరిగి అరిస్తే, షాహీన్ గారు అతన్ని ఏ పరీక్షా లేకుండా ఇంటికి పంపేశారు. కిందికి కూడా రాశారు, ఈ గుర్తు అక్కడా వెతకమని.

మాణిక్యం నిద్రపోతోంది, లేస్తోంది, తాగిస్తే తాగుతోంది. "అదే" కూడా పోయింది. మందు పని చేసేముందు ఒక్కోసారి ఇలా అవుతుందన్నారు. ఒక్కోసారి అన్నారు. ఆ మాటని పట్టుకుని వేలాడుతున్నాను.

నమోదు 26

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

దావీదు చూడటానికి వచ్చాడు. మాణిక్యం దిండుకి ఆనుకుని కూర్చుంది. వాడు "ఎలా ఉన్నారు పిన్నీ?" అన్నాడు. నాకు రూలు తెలుసు. తెలిసీ నోరు ఊరుకోలేదు. ఇన్నాళ్ళు బిగబట్టిందంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. "నిన్నటి మీద నయంరా, పొద్దున్న రెండు ముద్దలు తిన్నది, చెయ్యి వణుకు కూడా తగ్గింది, ఇదుగో నిద్ర మాత్రం..." అంటూ సాగిపోతున్నాను.

"అబ్బబ్బ!"

దావీదు చేతిలో క్యారేజీ జారింది. ఇక్కడ ఏదైనా మెల్లగా పడుతుంది కాబట్టి వాడు మళ్ళీ పట్టుకున్నాడు. మాణిక్యం నా వైపు చూస్తోంది. గొంతు బొంగురుపోయి ఉంది. ఒక్కో మాటనీ వెతికి తెచ్చుకుంటూ అంది.

"మీరెవరో గానీ... కాసేపు... నోరు మూసుకుంటారా? నేను... చెప్తా."

షాహీన్ గారిని దావీదే పిలుచుకొచ్చాడు. ఆవిడ విని, మళ్ళీ మళ్ళీ అడిగి, నా భుజం పట్టుకుని కుదిపేశారు. "విన్నారా? అడ్డుకుంది! మాటకి మాట అడ్డం వేసింది! ఇదే కదా మనం వెతికింది!" పేర్లు, మొహాలు అన్నిటికన్నా ఆఖర్న వస్తాయన్నారు. ఒక్కోసారి రావన్నారు, కళ్ళు తిప్పుకుని.

మాణిక్యం దావీదుతో చెప్పింది. దాహంగా ఉందని చెప్పింది. తలలో పొగలా ఉందంది. మాట దొరకనప్పుడు ఆగి, కళ్ళు మూసుకుని, వెతుక్కుని మళ్ళీ మొదలుపెట్టింది. ఆ దొరకని మాటలు నాకు తెలుసు. ఒక్కటీ అందివ్వలేదు. సంతోషంతో ఏడుస్తున్నానో, నేనెవరో తెలీదన్నందుకు ఏడుస్తున్నానో నాకే తేలలేదు. రెండూ ఉన్నాయి.

దావీదు వెళ్ళిపోయాక మేమిద్దరమే మిగిలాం. ఆమె నన్ను చాలాసేపు చూసింది, రేవులో దిగినవాళ్ళు కొత్త ఊరిని చూస్తారే, అలా. మంచం పక్కన ఇన్ని రోజులుగా కూర్చున్న ఈ బట్టతల మనిషెవరా అని ఆలోచిస్తున్నట్టుంది. చెప్పేద్దామని గొంతుదాకా వచ్చింది. నా పేరు కోటిలింగం, నీ మొగుణ్ణి, మనది ముప్ఫయ్యేళ్ళ కాపురం, నీకు గోంగూరంటే ఇష్టం, నాతో పోట్లాటంటే ఇంకా ఇష్టం అని.

కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. రేపో ఎల్లుండో ఆమె నన్ను అడుగుతుందేమో, మీ పేరేంటండీ అని. అడిగితే చెబుతాను. అడిగేదాకా ఆగుతాను.